కరీబియన్ దీవుల మధ్య తెరచాప ఓడ మీద వారం రోజులు: ఈ వయస్సులో వెళ్ళదగిన ప్రయాణమేనా?

ప్రశ్న (అట్లాంటా నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా వయస్సు 67 సంవత్సరాలు. కాకినాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం నా భార్యతో కలిసి అట్లాంటాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. వచ్చే ఫిబ్రవరిలో మమ్మల్నిద్దరినీ కరీబియన్ దీవులకు, అదీ మామూలు విహార నౌక మీద కాకుండా ఎత్తైన స్తంభాలూ తెరచాపలూ ఉన్న పెద్ద ఓడ మీద వారం రోజుల పాటు పంపిస్తానని మా అబ్బాయి అంటున్నాడు.

నాకు ఈ ప్రయాణం మీద ఇంత ఆశ ఎందుకో ఒక్క మాట చెప్పాలి. మా తాతగారు తాళ్ళరేవులో ఓడలు కట్టే వడ్రంగి. కోరంగి రేవు నుంచి బర్మాకు తెరచాప ఓడలు వెళ్ళిన కాలం గురించి, రంగూనులో మన తెలుగు కూలీలందరినీ ‘కోరంగీలు’ అనే పిలిచేవారన్న సంగతి గురించి ఆయన చెబుతుండగా వింటూ పెరిగాను. తరువాత 30 ఏళ్ళ పాటు వ్యాపార పవనాలను నల్లబల్ల మీద బాణపు గుర్తులు గీసి పిల్లలకు చూపించాను కానీ, ఆ గాలిని ముఖం మీద ఒక్కసారి కూడా ఎరుగను.

నా సందేహాలు ఇవి. ఈ ఓడలు నిజంగా గాలితోనే నడుస్తాయా, లేక ఇంజను మీద నడుస్తూ తెరచాపలను అలంకారానికి విప్పుతాయా? నా భార్య ఎన్నడూ సముద్రం మీద ప్రయాణం చేయలేదు, పైగా ఆమెకు మోకాళ్ళ నొప్పి ఉంది, మేమిద్దరం శాకాహారులం. ఇటువంటి వారికి ఈ ప్రయాణం తగినదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

మాస్టారికి నమస్కారం. నేనూ మావారూ ఇటువంటి ప్రయాణం రెండుసార్లు చేశాము, రెండుసార్లూ బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ నుంచే బయలుదేరాము. మీ ప్రశ్నలలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యమైనది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ఆ ప్రాంతంలో ప్రయాణికులను తీసుకువెళ్ళే పెద్ద తెరచాప ఓడలలో బాగా పేరున్నవి రాయల్ క్లిప్పర్, స్టార్ క్లిప్పర్, స్టార్ ఫ్లయర్. రాయల్ క్లిప్పర్ 2000 సంవత్సరంలో నీటిలోకి దిగింది. పొడవు 134 మీటర్లు, 5 స్తంభాలు, 42 తెరచాపలు, 227 మంది ప్రయాణికులు పడతారు. మిగిలిన రెండూ 1990ల మొదట్లో కట్టినవి. నాలుగేసి స్తంభాలతో, 16 తెరచాపలతో, సుమారు 170 మంది ప్రయాణికులతో అంతకంటె చిన్నవిగా ఉంటాయి. వేల మంది ఎక్కే విహార నౌకలతో పోలిస్తే ఇవి పల్లెటూరి వీధి వంటివి. మూడో రోజుకల్లా అందరి ముఖాలూ గుర్తుంటాయి, ఓడ నడిపించే కెప్టెను మీ పక్కనే నిలబడి మాట్లాడుతుంటారు.

ఇక గాలి సంగతి. మీరు భూగోళం బోధించారు కనుక పటం ఒకసారి ముందు పెట్టుకోండి. డొమినికా, మార్టినిక్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, వాటి దిగువన గ్రెనడీన్స్, గ్రెనడా, ఇవన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక వరుసలో నిలబెట్టినట్లు ఉంటాయి. గాలి ఏమో తూర్పు నుంచో ఈశాన్యం నుంచో వీస్తుంది. అందువల్ల ఓడ ఆ వరుస వెంట ఉత్తరానికి వెళ్ళినా దక్షిణానికి వెళ్ళినా గాలి పక్క నుంచే తగులుతుంది. తెరచాప ఓడకు అంతకన్నా అనుకూలమైన గాలి లేదని మాకు చెప్పారు. రాను పోను రెండు దారులకూ గాలి సహకరించే ఇటువంటి దీవుల వరుస దొరకడం అరుదు.

దీవులకు పడమటి వైపున గాలిమరుగు ఉంటుంది. కొండలు గాలిని ఆపేస్తాయి కనుక అక్కడి సముద్రం చెరువు నీరులా నిలకడగా ఉంటుంది, లంగరు వేసేదీ అక్కడే. కానీ ఒక దీవి దాటి మరో దీవి చేరేలోపు 30, 40 కిలోమీటర్ల జలసంధి వస్తుంది. అడ్డు ఏమీ లేని అట్లాంటిక్ అలలు ఆ సందులోంచి లోపలికి చొరబడతాయి. మొదటిసారి సెయింట్ లూసియా కొండల నీడలోంచి ఓడ బయటికి వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా వేలాడుతున్న గుడ్డ ఒక్కసారిగా బిగుసుకుంది, ఓడ ఒక పక్కకు ఒరిగింది, బల్ల మీది గ్లాసులు జారాయి. ఆ వెంటనే ఇంజను ఆపేశారు. నీటి చప్పుడూ, తాళ్ళు బిగిసే చప్పుడూ తప్ప మరేమీ లేకుండా రెండు గంటలు గడిచాయి. మీరు నల్లబల్ల మీద గీసిన బాణం అక్కడ కనిపిస్తుంది, మాస్టారూ.

ఓడ ముందు భాగంలో నీటి మీదికి చొచ్చుకువచ్చిన పొడవాటి కొయ్య కింద బలమైన వల కట్టి ఉంటుంది. సముద్రం శాంతంగా ఉన్నప్పుడు అందులో పడుకోనిస్తారు. వీపు కిందుగా ఓడ నీటిని చీల్చుకుపోవడం చూడవచ్చు. కోరినవారిని నడుముకు పట్టీలు కట్టి స్తంభం మీది అరుగు దాకా ఎక్కనిస్తారు. మావారు ఎక్కారు, నేను ఎక్కలేదు. తాళ్ళు లాగడంలో చెయ్యి వేస్తామంటే కళాసీలు సంతోషంగా చోటిస్తారు.

గదులు చిన్నవి, కిటికీలు గుండ్రంగా ఉంటాయి, అంతకుమించి చెప్పవలసింది లేదు. భోజనానికి ఇబ్బంది పడలేదు. మాంసం, చేప, గుడ్డు ఏవి తినరో ఒక్కొక్కటీ పేరు పెట్టి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. కొందరి లెక్కలో చేప మాంసం కాదు కనుక ‘శాకాహారం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. మేము ఊరగాయ సీసా ఒకటి గట్టిగా మూత బిగించి తీసుకువెళ్ళాము. చేసిన పనులలో అది అత్యంత వివేకమైనది.

సమాధానం (విశాఖపట్నం నుంచి)

నేను వాణిజ్య నౌకలలో 28 ఏళ్ళు డెక్ అధికారిగా పనిచేశాను. పైన రాసిన సోదరి గాలి గురించి చెప్పినది సరిగ్గా ఉంది. దానికి తోడు చెప్పకపోతే మాస్టారికి తరువాత నిరాశ కలిగే సంగతి ఒకటి ఉన్నది.

బార్బడోస్ ఆ దీవుల వరుసలో లేదు. వరుసకు తూర్పున సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉంది. అక్కడి నుంచి సెయింట్ లూసియాకు గానీ సెయింట్ విన్సెంట్‌కు గానీ వెళ్ళేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక అది హాయిగా సాగే రాత్రి. తిరిగి బార్బడోస్ చేరవలసిన ఆఖరి రాత్రి మాత్రం ముక్కు గాలికి ఎదురుగా ఉంటుంది. అడ్డకొయ్యలకు చతురస్రపు తెరచాపలు కట్టిన ఓడ గాలికి సుమారు 60 డిగ్రీలకన్నా దగ్గరగా నడవలేదు. నేరుగా ఎదురు వెళ్ళాలంటే అటొకసారి ఇటొకసారి మలుపులు తిరుగుతూ రెండు మూడింతల దూరం పోవాలి, తెల్లవారేసరికి విమానాలు అందుకోవలసిన ప్రయాణికులతో అది సాధ్యపడదు. అందుచేత ఆ రాత్రి తెరచాపలన్నీ చుట్టేసి ఇంజను మీదే వెళతారు. ఓడ ముందుకూ వెనుకకూ ఎగిరి పడేదీ, కడుపులో ఎక్కువగా తిప్పేదీ ఆ రాత్రే. కనుక ‘నిజంగా గాలితోనే నడుస్తాయా’ అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: గాలి అనుకూలించిన చోట నిజంగానే నడుస్తాయి, ఎదురు గాలిలోనూ, గాలిమరుగులోనూ, రేవుల దగ్గరా, వేళకు చేరవలసి వచ్చినప్పుడూ ఇంజను వేస్తారు. అందులో మోసం ఏమీ లేదు. పూర్వపు ఓడలకు ఇంజను లేదు కనుకనే అవి గాలి కోసం రేవులో రోజుల తరబడి కాచుకునేవి.

తెరచాప విప్పి ఉన్నప్పుడు గాలి ఒత్తిడి ఓడను ఒక పక్కకు నొక్కి పట్టి ఉంచుతుంది కనుక అటూ ఇటూ ఊగడం తగ్గుతుంది. ఓడ ఒరిగే ఉంటుంది కానీ నిలకడగా ఉంటుంది. కొత్తవారు ఒరగడాన్ని చూసి భయపడతారు. నిజానికి మనిషిని బాధపెట్టేది ఒరగడం కాదు, ఊగడం. అమ్మగారికి ఈ మాట ముందుగా చెప్పి ఉంచండి.

రాయల్ క్లిప్పర్‌కు ఆదర్శం 1902లో జర్మనీలో కట్టిన ప్రొయిసెన్ అనే ఓడ. ఐదు స్తంభాలకూ చతురస్రపు తెరచాపలున్న ఓడ దాని తరువాత మళ్ళీ ఇదే. ప్రొయిసెన్ దక్షిణ అమెరికా నుంచి నైట్రేటు ఎరువు మోసేది. 1910లో ఇంగ్లిష్ ఛానల్‌లో ఒక ఆవిరి ఓడ దాని వేగాన్ని తక్కువగా అంచనా వేసి ఎదుటికి రావడంతో ఢీకొని, డోవర్ దగ్గర నేలకు తగులుకుని నాశనమైంది. గాలితో నడిచే ఓడ అంత వేగంగా రాగలదని ఆవిరి ఓడవారు ఊహించలేకపోయారన్నది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే సంగతి.

ఫిబ్రవరిని ఎంచుకోవడం సరైన నిర్ణయం. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలంగా లెక్కిస్తారు. అక్టోబరులో టిక్కెట్టు చౌకగా వస్తుందని మీ అబ్బాయి నెల మార్చబోతే ఒప్పుకోవద్దు. 1998 అక్టోబరులో మిచ్ హరికేన్ వచ్చినప్పుడు ఫాంటోమ్ అనే నాలుగు స్తంభాల విహార ఓడ ప్రయాణికులను బెలీజ్‌లో దింపి, తుపాను నుంచి తప్పుకోవాలని సముద్రంలోకి వెళ్ళి, తుపాను దారి మళ్ళడంతో హోండురాస్ తీరం దగ్గర 31 మంది సిబ్బందితో సహా గల్లంతైంది. ప్రయాణికులలో ఒక్కరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆ 31 మంది గురించి తలచుకోకుండా నేను తెరచాప ఓడల ముచ్చట ఎప్పుడూ ముగించలేను.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. పటం ముందు పెట్టుకుని చదివాను. బార్బడోస్ వరుసలో లేదన్న సంగతి తెలిసి కూడా, దాని పర్యవసానం ఏమిటో నాకు తట్టనేలేదు. ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి: ఒకటి ఉత్తరానికి మార్టినిక్, డొమినికా మీదుగా వెళ్ళేది, రెండవది దక్షిణానికి గ్రెనడీన్స్ మీదుగా గ్రెనడా దాకా వెళ్ళేది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఏది సులువు? మా అబ్బాయి ఉత్తరపు దారిలో అందం ఎక్కువ అంటున్నాడు.

సమాధానం (హైదరాబాద్ నుంచి, వైద్యురాలిని)

మోకాళ్ళ విషయం ముందు చెబుతాను. ఈ ఓడలలో లిఫ్టు ఉండదు. గది నుంచి భోజనశాలకు, భోజనశాల నుంచి పై అంతస్తుకు రోజుకు ఎన్నోసార్లు మెట్లు ఎక్కి దిగాలి, అదీ ఒరిగి ఉన్న ఓడలో. చాలా దీవులలో ఓడ రేవుకు ఆనదు. దూరంగా లంగరు వేసి, పక్క నిచ్చెన మీదుగా చిన్న పడవలోకి దించుతారు. కొన్ని చోట్ల ఆ పడవ ఇసుక దాకా వెళ్ళి ఆగితే మోకాలి లోతు నీళ్ళలో దిగవలసి వస్తుంది. అందువల్ల ఉత్తరమా దక్షిణమా అన్నది కాదు, పడవ దిగవలసిన చోట్లు ఎన్ని, రేవు గోడకు ఆనే చోట్లు ఎన్ని అని కంపెనీని అడగండి. ఇప్పుడు ఆమె చేతికర్ర లేకుండా ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగగలిగితే, ఇప్పటి నుంచి ఫిబ్రవరి దాకా రోజూ తొడ కండరాల వ్యాయామం చేయిస్తే, వెళ్ళవచ్చని నా అభిప్రాయం. ఎక్కలేకపోతే దయచేసి పట్టుబట్టవద్దు.

సముద్రపు వికారానికి మాత్ర వేసుకోవలసింది వికారం మొదలయ్యాక కాదు, ఓడ కదలడానికి కనీసం గంట ముందు. మెక్లిజిన్ వంటి మందులు నిద్రమత్తు కలిగిస్తాయి; మత్తులో మెట్లు దిగడం పెద్దవయసు వారికి ప్రమాదం. చెవి వెనుక అంటించే స్కోపొలమిన్ పట్టీ బాగా పనిచేస్తుంది కానీ, కంటిలో నీటికాసుల వ్యాధి ఉన్నవారూ, మూత్రం ఆగి ఆగి వచ్చే ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారూ దాన్ని తమంతట తాము వాడరాదు. 67 ఏళ్ళ వయస్సు కనుక మాస్టారు ఈ రెండో మాట తన గురించే అనుకుని డాక్టరును అడగాలి. గది తీసుకునేటప్పుడు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో తీసుకోండి, అక్కడ కదలిక తక్కువ. వికారం మొదలైతే గదిలో పడుకోకుండా పైకి వచ్చి దిగంతాన్ని చూస్తూ కూర్చోవాలి. అల్లం ముక్క నోట్లో ఉంచుకోవడం వల్ల కొందరికి ఉపశమనం కలుగుతుంది, నష్టం మాత్రం లేదు.

సమాధానం (టొరాంటో నుంచి)

మాస్టారూ, మీ అబ్బాయి చెప్పినట్లు ఉత్తరపు దారి అందమైనదే. మార్టినిక్‌లో సెయింట్ పియెర్ పట్టణం ఎదుట లంగరు వేస్తే, 1902 మే 8న పెలీ అగ్నిపర్వతం పేలి కొద్ది నిమిషాలలో దాదాపు 28,000 మందిని చంపిన ఊరు కళ్ళ ముందు ఉంటుంది. ఆనాడు రేవులో కాలిపోయిన ఓడలు ఇప్పటికీ ఆ నీటి అడుగునే ఉన్నాయి. 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా ఒప్పందపు కూలీలను తెరచాప ఓడలలో ఎక్కించి దింపినది కూడా ఆ దీవిలోనే, ఎక్కువమంది తమిళులు.

అయినా మీకు నేను దక్షిణపు దారే చెబుతాను. కారణం మీ ప్రశ్నలోనే ఉంది, మీ తాతగారు ఓడలు కట్టేవారన్నారు. గ్రెనడాకు చెందిన కరియకో అనే చిన్న దీవిలో, తూర్పు తీరాన గాలికి ఎదురుగా ఉన్నందున విండ్‌వర్డ్ అనే పేరే పెట్టుకున్న పల్లెలో, ఈనాటికీ చెక్క ఓడలను ఇసుక ఒడ్డునే కడతారు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఓడ వడ్రంగుల దగ్గర మొదలైన విద్య అది, తరువాత ఆ దీవి ప్రజలందరిదీ అయింది. నేను 2022లో వెళ్ళినప్పుడు ఒక ముసలి పనివాడు కాగితం మీద నక్షా ఏదీ లేకుండా, కంటితో వంపు చూసి చెక్క కోస్తున్నాడు. పక్కటెముకల వంటి లోపలి కొయ్యలకు సహజంగా వంగి పెరిగిన కొమ్మలనే వెదికి తెచ్చుకుంటారు, వంచిన చెక్కకు ఆ బలం రాదని ఆయన చెప్పాడు. ఈ విద్యను 2023లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వాల (అంటే కట్టడాలు కాక విద్యలూ ఆచారాల వంటి వాటి) జాబితాలో చేర్చారు. ఏడాది తిరగకముందే, 2024 జులై 1న బెరిల్ హరికేన్ సరిగ్గా ఆ దీవి మీదే తీరం దాటి ఇళ్ళనూ పడవలనూ తుడిచిపెట్టేసింది. ఇటువంటి సమయంలో వెళ్ళేవారు వారికి భారం కారు. అక్కడ తినే భోజనానికీ, ఎక్కే పడవకూ ఇచ్చే డబ్బు నేరుగా వారికి చేరుతుంది.

పెద్ద ఓడలన్నీ కరియకోలో ఆగవు. ఓడ ప్రయాణం అయ్యాక బార్బడోస్ నుంచి గ్రెనడాకు విమానంలో వెళ్ళి, సెయింట్ జార్జెస్ రేవు నుంచి సుమారు రెండు గంటల పడవ ప్రయాణంతో చేరవచ్చు. రెండు రోజులు కలుపుకోండి.

వీసాల సంగతి తేలికగా తీసుకోవద్దు. ఈ దీవులు వేరువేరు దేశాలకు చెందినవి. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్సులో భాగమైనా, చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే మామూలు షెంగెన్ వీసా అక్కడ దానంతట అదే చెల్లదు. మీ అమెరికా వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి అనుమతిస్తుందో లేదో చూసుకోండి. దీవులకు వెళ్ళి వచ్చినంత మాత్రాన మళ్ళీ కొత్తగా ఆరు నెలల గడువు ఇస్తారని లెక్క వేసుకోకండి. టిక్కెట్టు కొనకముందే ఓడ ఆగే ప్రతి దేశం పేరూ కాగితం మీద రాసుకుని, భారత పాస్‌పోర్టుకు ఏ నియమం ఉందో ఒక్కొక్కటిగా ఆయా దేశాల ప్రభుత్వ సమాచారంలోనే చూడాలి.

ప్రశ్న అడిగినవారు

డాక్టరు గారు చెప్పిన పరీక్ష ఈ ఉదయమే జరిగింది. నా భార్య చేతికర్ర లేకుండా మా అబ్బాయి ఇంటి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగింది. రెండవసారి కమ్మీ పట్టుకున్నది కనుక వ్యాయామం ఇవాళే మొదలుపెట్టించాము. నా మూత్రపు ఇబ్బంది సంగతి డాక్టరు గారు చూడకుండానే ఊహించారు, ఆ పట్టీ జోలికి వెళ్ళను. దక్షిణపు దారి, నడిమి గది, ఆ తరువాత కరియకోలో రెండు రోజులు అని మా అబ్బాయికి చెప్పాను. దేశాల పేర్లు రాసుకునే పని మా కోడలు తీసుకున్నది.

టొరాంటో సోదరులు రాసినది చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాను. వంగి పెరిగిన కొమ్మ కోసం మా తాతగారు తుమ్మచెట్ల చుట్టూ తిరగడం, మట్టతో చేసిన వంపు అచ్చును చెట్టుకు ఆనించి చూడటం నేను ఎనిమిదేళ్ళ వయస్సులో కళ్ళారా చూశాను. ఆయన వాడిన, కొయ్య చెక్కే బాడిస కాకినాడలో మా ఇంట్లో ఉంది. ఇనుము సగానికి అరిగిపోయింది, పిడి మాత్రం ఆయన చేతి పట్టుకు నునుపు తేలి అలాగే ఉన్నది. దాన్ని ఇంత దూరం తెప్పించడం కష్టం కనుక, ఫోటో తీసి పంపమని మా తమ్ముడికి రాశాను. విండ్‌వర్డ్ పల్లెలోని ఆ పనివారికి చూపించి, వారి చేతిలోని బాడిస ఎలా ఉంటుందో చూడాలి. అక్కడి వారితో మాట్లాడటానికి నా ఆంగ్లం సరిపోతుందా, లేక వారి మాట తీరు వేరుగా ఉంటుందా అన్నది ఒక్కటే ఇంకా అడగవలసి ఉంది.

సమాధానం (టొరాంటో నుంచి)

మాట ఆంగ్లమే, యాస వేరు. నెమ్మదిగా చెప్పమంటే చెబుతారు. ఫోటోలో బాడిస పక్కన ఒక కొలబద్ద కూడా పెట్టి తీయమనండి, పనిముట్టు కొలత ఎంతని వారు తప్పకుండా అడుగుతారు.